సోమవారం తరగతిని బట్టి శనివారం ప్రయాణం: జర్మనీలో చదువుకునే విద్యార్థికి ఎంపిక సలహా

జర్మనీలో మాస్టర్స్ సీటు వచ్చిన విద్యార్థులు ముందుగా అక్కడ చదువుతున్నవారిని అడిగే ప్రశ్నల్లో గది అద్దె ఎంత, పార్ట్‌టైమ్ పని దొరుకుతుందా అన్నవి మొదటివి. ఆ తరువాత వచ్చేది దాదాపు ఎప్పుడూ ఇదే: శని, ఆదివారాల్లో ఎక్కడెక్కడికి వెళ్లిరావచ్చు? దీనికి చాలామంది ఊళ్ల పేర్లు చెప్పి ఊరుకుంటారు. డ్రెస్డెన్‌లో చదువుకున్న రెండేళ్లలో నాకు అర్థమైనదేమిటంటే, ఏ ఊరికి వెళ్లాలన్నది ఆ వారం టికెట్ ఎంత చవకగా దొరికిందన్న దాన్ని బట్టి తేల్చుకుంటే చదువూ చెడుతుంది, ప్రయాణమూ అలసటగానే మిగులుతుంది. సోమవారం మొదటి తరగతి ఎన్ని గంటలకన్నది ముందు చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ వస్తే రెండూ నిలుస్తాయి. కింద చెప్పే పోలికలన్నీ ఆ లెక్క మీద ఆధారపడినవే. ఉదాహరణలు డ్రెస్డెన్‌వి అయినా, ఆఖెన్‌లో గాని, మాగ్డెబుర్గ్‌లో గాని, కైజర్స్‌లౌటెర్న్‌లో గాని చదివేవారు ఊళ్ల పేర్లు మార్చుకుని ఇదే పద్ధతిని వాడుకోవచ్చు.

వారంలో నిజంగా మిగిలే గంటలు

రెండేళ్ల మాస్టర్స్‌కు 120 ఈసీటీఎస్ క్రెడిట్లు (యూరప్‌లో చదువు భారాన్ని కొలిచే లెక్క), అంటే సెమిస్టర్‌కు 30. జర్మనీలో ఒక క్రెడిట్‌ను సాధారణంగా 30 గంటల పనిగా లెక్కిస్తారు కాబట్టి, ఒక సెమిస్టర్‌కు 900 గంటల శ్రమ అవుతుంది. ఆరు నెలల మీద సమానంగా పంచితే వారానికి సుమారు 35 గంటలే అనిపిస్తుంది. కాని ఎవరూ అలా చదవరు. తరగతులు జరిగే పదిహేను వారాలు, ఆ తరువాత పరీక్షల నాలుగైదు వారాలు కలిపి చూస్తే వారానికి 45 గంటలు పడతాయి. దీనికి వారానికి పదిహేను, ఇరవై గంటల పార్ట్‌టైమ్ పని కలిపితే మొత్తం అరవై, అరవై అయిదు అవుతుంది. వంట, బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోను, నిద్ర పోగా వారాంతంలో హాయిగా ఖర్చుపెట్టుకోదగినది ఒక పూర్తి రోజు, మహా అయితే ఒకటిన్నర రోజు. నెలలో ప్రతి వారాంతమూ రెండు రోజులు బయటే గడపాలన్న ఆలోచన ఇక్కడే ఆగిపోతుంది.

ఇంకొక విషయం మన కళాశాలల నుంచి వెళ్లినవారిని తరచు మోసగిస్తుంది. అక్కడ ఫోర్‌లేజుంగ్ అనే ఉపన్యాస తరగతులకు చాలా చోట్ల హాజరు తప్పనిసరి కాదు; ఎవరూ పేరు పిలవరు, ఇంటికి ఉత్తరం రాయరు. అందుకని శుక్రవారం తరగతి మానేసి బయలుదేరడం మొదట్లో ఏ నష్టమూ లేనట్టే కనిపిస్తుంది. అయితే ప్రాక్టికుమ్ అని పిలిచే ప్రయోగశాల తరగతులకు, చాలా సెమినార్లకు హాజరు తప్పనిసరి. ఊబుంగ్ అనే అభ్యాస తరగతికి హాజరు అడగకపోయినా, పరీక్షలో వచ్చే లెక్కల తీరు తెలిసేది అక్కడే. చాలా విశ్వవిద్యాలయాల్లో ఒక తప్పనిసరి సబ్జెక్టులో మూడోసారి కూడా తప్పితే ఆ కోర్సులో కొనసాగే హక్కే పోతుంది. ఉపన్యాసం పోతే స్లైడ్లు చూసుకోవచ్చు, ప్రయోగశాల పోతే సెమిస్టరే పోవచ్చు. కనుక మొదటి వారంలోనే మీ తరగతుల్లో ఏవి ఏ రకానివో విడదీసి రాసుకోండి.

శుక్రవారం ఖాళీయా, సోమవారం ఉదయం ఖాళీయా?

ఐచ్ఛిక సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు టైంటేబుల్‌ను కొంతవరకు మన చేతుల్లోకి తెచ్చుకోవచ్చు. అప్పుడు అందరూ మొదట కోరుకునేది శుక్రవారం ఖాళీ. నేనూ మొదటి సెమిస్టర్‌లో అదే కోరుకున్నాను, రెండో సెమిస్టర్‌లో మార్చుకున్నాను.

డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో రోజును తొంభై నిమిషాల పీరియడ్లుగా విభజిస్తారు. మొదటిది ఉదయం 7:30కే మొదలవుతుంది, రెండోది 9:20కి, మూడోది 11:10కి, నాలుగోది మధ్యాహ్నం 1 గంటకు. శుక్రవారం ఖాళీ ఉండి సోమవారం 7:30కి తరగతి ఉన్న విద్యార్థికి బయలుదేరడం సులువు, తిరిగి రావడం కష్టం. శుక్రవారం రెండు పీరియడ్లు ఉండి సోమవారం మొదటి తరగతి ఒంటిగంటకు ఉన్నవారికి బయలుదేరడం ఆలస్యమైనా, ఆదివారం రాత్రి రైలు తప్పినా దారి ఉంటుంది. రైళ్లు ఆలస్యం కావడం అక్కడ అరుదైన సంగతి కాదు. జర్మన్ రైల్వే తన లెక్కల్లోనే 2024లో దూరప్రయాణ రైళ్లలో 62.5 శాతమే సమయానికి చేరాయని చెప్పింది. వెళ్లేటప్పటి ఆలస్యానికి పోయేది ఒక పూట విహారం. వచ్చేటప్పటి ఆలస్యానికి పోయేది తరగతి. పైగా శుక్రవారం సాయంత్రం రైళ్లు కిక్కిరిసి ఉంటాయి, ముందుగా కొనని టికెట్ ధరలూ ఎక్కువే. శనివారం పొద్దున్నే వెళ్లే రైలులో కూర్చోవడానికి చోటూ ఉంటుంది, ధరా నయం. రెండింటిలో ఒకటే దొరికేటట్టయితే సోమవారం ఉదయాన్ని ఖాళీగా ఉంచుకోండి.

ఒక మినహాయింపు ఉంది. ప్రయోగశాల తరగతులు ఎక్కువగా ఉండే కోర్సుల్లో శుక్రవారాన్ని నివేదికలు రాయడానికి వాడుకునేవారు ఉంటారు. ప్రయాణం కోసం కాకుండా ఆ పని కోసం అయితే శుక్రవారం ఖాళీకి మించింది లేదు. అది ముగించుకుని శనివారం బయలుదేరినవారి ముఖంలో కనిపించే నిశ్చింత, నివేదికను సంచిలో మోసుకుని తిరిగేవారికి ఉండదు.

నాలుగు రకాల ప్రయాణాలు

ప్రయాణాలను దూరాన్ని బట్టి కాక, దారిలో పోయే గంటలకూ ఊళ్లో గడిపే గంటలకూ ఉన్న నిష్పత్తిని బట్టి పోల్చమంటాను.

మొదటిది, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగివచ్చే ప్రయాణం. దీనికి డాయిచ్‌లాండ్ టికెట్ ఒక్కటి చాలు. 2023 మే నెలలో 49 యూరోలకు మొదలైన ఈ నెలవారీ టికెట్ 2025 జనవరిలో 58 యూరోలకు, 2026 జనవరిలో 63 యూరోలకు పెరిగింది. విద్యార్థులందరికీ కలిపి ఇచ్చే సెమిస్టర్ రూపంలో దీని ధర అందులో 60 శాతం, అదీ చాలా విశ్వవిద్యాలయాల్లో సెమిస్టర్ రుసుములోనే కలిసిపోతుంది. మీ విశ్వవిద్యాలయంలో అది ఉందో లేదో చేరేముందే తెలుసుకోండి. ఉంటే, ప్రతి నెలా డబ్బు అప్పటికే కట్టేసినట్టు. దేశమంతటా ప్రాంతీయ రైళ్లు, ఎస్-బాన్ అనే నగర పరిసర రైళ్లు, మెట్రో, ట్రామ్, సిటీ బస్సులు దీని కిందికి వస్తాయి. ఐసీఈ, ఐసీ, ఈసీ వంటి వేగవంతమైన రైళ్లు రావు. మీ ప్రాంతీయ రైలు ఎంత ఆలస్యమైనా ఈ టికెట్‌తో వాటిలోకి ఎక్కకూడదు.

డ్రెస్డెన్ నుంచి ఈ టికెట్ మీద నాకు బాగా నచ్చిన ప్రయాణం రాటెన్‌కు. ఎస్1 రైలులో దాదాపు నలభై నిమిషాలు, దిగగానే ఎల్బె నది మీద చిన్న పడవ దాటడం, అక్కడి నుంచి బాస్టాయి శిలల మీదికి ఎక్కడం. పైన 1851లో కట్టిన రాతి వంతెన, నదికి 194 మీటర్ల ఎత్తు. రానూపోనూ రెండు గంటలు పోతే ఆరేడు గంటలు కొండల్లో గడుస్తాయి. అదే ఎస్1 రెండో దిక్కుకు వెళ్తే మైసెన్, 1710 నుంచి పింగాణీ చేస్తున్న ఊరు. లైప్‌జిగ్‌కు గంటన్నర పైన పడుతుంది. 1723 నుంచి 1750 వరకు జర్మన్ స్వరకర్త బాఖ్ సంగీతం నేర్పిన సెయింట్ థామస్ చర్చిలో శనివారం మధ్యాహ్నం జరిగే గానం కోసం వెళ్తే ఆ రోజుకు అదే చాలు. తూర్పుగా గోర్లిట్స్‌కు వెళ్లి, కాలినడకన వంతెన దాటితే పోలండ్. ఆ ఊరి మీదుగా పోయే 15 డిగ్రీల తూర్పు రేఖాంశమే మధ్య యూరప్ గడియారానికి ఆధారం. మన గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుందని చిన్నప్పుడు చదువుకున్నవారికి ఆ ఊళ్లో నిలబడితే ఒక చిత్రమైన ఆత్మీయత కలుగుతుంది.

రెండోది, ఒక రాత్రి బసతో వెళ్లేది. డ్రెస్డెన్ నుంచి చెక్ రాజధాని ప్రాగ్‌కు ఈసీ రైలులో రెండున్నర గంటల లోపు, బెర్లిన్‌కు రెండు గంటలు. ఇరవై నాలుగు గంటలకు పైగా ఊళ్లో ఉండి, దారిలో నాలుగైదు గంటలే పోగొట్టుకుంటాం. ఇక్కడ టికెట్ ఎంపిక ముఖ్యం. ముందుగా కొంటే దొరికే అతి చవక రైలు టికెట్ ఆ ఒక్క రైలుకే కట్టుబడి ఉంటుంది, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు. అయితే గమ్యానికి 20 నిమిషాలకు పైగా ఆలస్యంగా చేరుతుందని తేలితే మరో రైలు ఎక్కే హక్కు వస్తుంది, గంట ఆలస్యమైతే ధరలో పావు వంతు, రెండు గంటలైతే సగం తిరిగి అడగవచ్చు. ఈ హక్కులు తెలియక ప్లాట్‌ఫాం మీద కూర్చుండిపోయే మనవాళ్లను చాలామందిని చూశాను. దూరప్రయాణ బస్సులు జర్మనీలో 2013 జనవరి నుంచి స్వేచ్ఛగా నడుస్తున్నాయి; చివరి నిమిషంలో నిర్ణయించుకున్నప్పుడు తరచు అవే చవక. కాని ఆదివారం సాయంత్రం హైవే రద్దీలో బస్సు ఎప్పుడు చేరుతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి, వెళ్లడానికి బస్సు, రావడానికి రైలు అన్న జోడీ నాకు ఎప్పుడూ బాగా పనికివచ్చింది.

మూడోది విమానంలో వారాంతం. ఇరవై ముప్పై యూరోలకు బార్సిలోనా టికెట్ కనబడగానే మనసు అటే పోతుంది. అందుకే దీని లెక్క పూర్తిగా వేసి చూపుతాను. శుక్రవారం 2:30కు తరగతి ముగించి, డ్రెస్డెన్‌లో నాలుగింటి రైలెక్కి బెర్లిన్ విమానాశ్రయానికి ఆరు దాటాక చేరి, ఎనిమిదిన్నర విమానం పట్టుకుంటే పదకొండు దాటాక దిగుతాం; ప్రయాణికుల హాస్టల్‌లో మంచం మీదికి చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆదివారం తొమ్మిది గంటల విమానంలో తిరిగివస్తే అర్ధరాత్రి వేళ బెర్లిన్‌లో ఉంటాం, డ్రెస్డెన్‌కు తెల్లవారితే గాని రైలు దొరకదు. దారిలో పోయింది సుమారు ఇరవై గంటలు. మేలుకుని ఊరు చూసింది ఇరవై గంటలు. బాస్టాయి ప్రయాణంలో ఒక గంట దారికి మూడు గంటల విహారం దక్కితే, ఇక్కడ ఒక గంటకు ఒక గంటే. టికెట్ ధరకు సంచి రుసుము, విమానాశ్రయ రైలు, రెండు రాత్రుల బస కలిపితే మొత్తం ఖర్చు టికెట్ ధరకు అయిదారు రెట్లవుతుంది. విమానాశ్రయం పేరు చూసి మోసపోకూడదు కూడా: ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ అన్నది ఫ్రాంక్‌ఫర్ట్‌కు సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉంది.

నా రెండో సెమిస్టర్‌లో ఒక ఆదివారం రాత్రి మా విమానం రద్దయింది. మరుసటి రోజు మధ్యాహ్నం వరకు ఇంకో విమానం లేదు. సోమవారం ప్రయోగశాల తరగతి పోయింది. దాన్ని మళ్లీ చేయడానికి తరువాతి సెమిస్టర్ దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఊరు ఎంత అందంగా ఉందో ఇప్పుడు సరిగా గుర్తు లేదు, విమానాశ్రయపు నేల మీద సంచి తలకింద పెట్టుకుని తోటి విద్యార్థికి రాసిన సందేశం మాత్రం గుర్తుంది.

నాలుగోది, తరగతులు నడిచేటప్పుడు దూరాలు మానుకుని సెలవుల కోసం దాచుకోవడం. విశ్వవిద్యాలయాల్లో శీతాకాల సెమిస్టర్ అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు, వేసవి సెమిస్టర్ ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు. తరగతులు మాత్రం ఫిబ్రవరి మొదటి సగంలోను, జులైలోను ముగుస్తాయి. అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా ఇవన్నీ ఒక నెల ముందు. తరగతులు ముగిసినంత మాత్రాన సెలవులు వచ్చినట్టు కాదు, పరీక్షలు ఆ వెంటనే మొదలై కొన్ని వారాలు సాగుతాయి. చివరి పరీక్ష అయ్యాక మిగిలే మార్చి, సెప్టెంబరు నెలలే నిజమైన ప్రయాణ కాలం. బార్సిలోనా, రోమ్, లిస్బన్ వంటివి అప్పుడు నాలుగైదు రోజులు చూడండి; అదే విమానం, అదే దారి గంటలు, కాని ఊళ్లో గడిపేది మూడు రెట్లు.

ఈ నాలుగింటిలో నా సలహా స్పష్టంగానే చెబుతాను. తరగతులు నడిచే నెలల్లో నెలకు రెండు ఒకరోజు ప్రయాణాలు, ఒక్కసారి ఒక రాత్రి బస, మిగిలిన వారాంతాలు గదిలోనో గ్రంథాలయంలోనో. విమానాలు మార్చికీ సెప్టెంబరుకీ. మొదటి సెమిస్టర్ మొదటి ఆరు వారాల్లో మాత్రం రాత్రి బస కూడా వద్దంటాను. చిరునామా నమోదు, బ్యాంకు ఖాతా, నివాస అనుమతి, కొత్త భాషలో తరగతులు, ఇవన్నీ ఒకేసారి మీద పడే కాలమది; పరీక్షలకు పేర్లు నమోదు చేసుకునే గడువు దాటిపోయిన సంగతి ప్రాగ్‌లో ఉండగా తెలిసినవారు నా స్నేహితుల్లోనే ఉన్నారు.

సెలవు దినాల్లో రెండు ప్రత్యేకంగా గమనించదగినవి. క్రీస్తు స్వర్గారోహణ పండుగ ఎప్పుడూ గురువారమే వస్తుంది. శుక్రవారం తరగతి లేనివారికి మే నెల ప్రాంతంలో నాలుగు రోజులు కలిసి వస్తాయి. నవంబరులో ఒక బుధవారం వచ్చే పశ్చాత్తాప ప్రార్థనల దినం జర్మనీలో సాక్సొనీ రాష్ట్రానికి మాత్రమే ప్రభుత్వ సెలవు కాబట్టి, డ్రెస్డెన్, లైప్‌జిగ్, కెమ్నిట్స్ విద్యార్థులు ఆ రోజు బెర్లిన్ వెళ్తే అక్కడ దుకాణాలు, కార్యాలయాలు అన్నీ మామూలుగానే తెరిచి ఉంటాయి.

కాలం, తోడు, తిండి

డిసెంబరులో డ్రెస్డెన్‌లో సాయంత్రం నాలుగింటికే సూర్యుడు అస్తమిస్తాడు. రాటెన్‌కు పదకొండింటికి చేరినవారు మూడింటికే కిందికి దిగవలసి ఉంటుంది. అందుకని కొండలు, నదులు వేసవి సెమిస్టర్‌కు, మ్యూజియంలు, చర్చిలు, క్రిస్మస్ బజార్లు శీతాకాలానికి పెట్టుకోండి. 1434 నుంచి జరుగుతున్న ష్ట్రీట్సెల్‌మార్క్ట్ అనే స్థానిక క్రిస్మస్ బజారుకు డ్రెస్డెన్ విద్యార్థి ప్రయాణమే చేయనక్కరలేదు, తరగతి అయ్యాక ట్రామ్‌లో వెళ్లిరావచ్చు.

తోడు విషయంలో మన అలవాటు పదిమంది కలిసి బయలుదేరడం. అది ఇంటి బెంగను తీరుస్తుంది, కాదనను. కాని పదిమందికి ఏకాభిప్రాయం కుదిరేలోపు రెండు రైళ్లు వెళ్లిపోతాయి, హాస్టల్లో ఒకేచోట పడకలు దొరకవు. ముగ్గురు నలుగురైతే అన్నీ సులువు. అదీ కాక, అందరూ ఒకే కోర్సు వాళ్లు కాకుండా చూసుకోండి. సోమవారం ఒకే ప్రయోగశాలకు వెళ్లవలసిన నలుగురూ ఒకే రైలులో చిక్కుకుంటే నోట్సు ఇచ్చేవారు కూడా ఉండరు.

జర్మనీలో ఆదివారం దాదాపు అన్ని దుకాణాలూ మూసి ఉంటాయి, పెద్ద రైల్వే స్టేషన్లలోని కొన్ని తప్ప. శనివారం పొద్దున వెళ్లి ఆదివారం రాత్రి వచ్చేవారు సోమవారానికి పాలు, కూరగాయలు శుక్రవారమే కొనిపెట్టుకోవాలి. పులిహోర కలుపుకుని వెళ్తే ఒక పూట ఖర్చు తప్పుతుంది, రెండో పూటకూ చెడదు.

పాస్‌పోర్టు, అనుమతి పత్రాలు

జర్మనీ నివాస అనుమతి గాని, దీర్ఘకాలిక జాతీయ వీసా గాని చెల్లుబాటులో ఉంటే మిగతా షెంగెన్ దేశాల్లో (ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల కూటమి) ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు తిరగవచ్చు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది. బ్రిటన్, ఐర్లాండ్ లేవు, వాటికి విడిగా వీసా కావాలి. 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నింటి వద్దా తాత్కాలిక తనిఖీలు పెట్టింది. ప్రాగ్ నుంచి వచ్చే రైలులో పోలీసులు అడిగేది విద్యార్థి కార్డు కాదు. అసలు పాస్‌పోర్టు, నివాస అనుమతి కార్డు రెండూ వెంట ఉండాలి, ఫోనులోని ఫోటోలు చెల్లవు.

అనుమతి పునరుద్ధరణకు దరఖాస్తు చేసి కార్డు కోసం ఎదురుచూసే కాలంలో ఫిక్సియోన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక పత్రం ఇస్తారు. అందులో రకాలున్నాయి, దేశం దాటి తిరిగి రావడానికి కొన్ని చెల్లుతాయి, కొన్ని చెల్లవు. మీ చేతిలో ఉన్నది ఏ సెక్షన్ కింద ఇచ్చిందో విదేశీయుల కార్యాలయంలో అడిగి, వీలైతే రాతపూర్వకంగా సమాధానం తీసుకునేదాకా, గోర్లిట్స్ వంతెన కూడా దాటవద్దు. వంతెనకు ఇవతలి గట్టు మీద నుంచి కూడా నీసె నది అంతే బాగా కనిపిస్తుంది.